సాధనకు చోటు: నారాయణపేటలో కళాకేంద్రం ఎట్లా ఉండాలి?

(నారాయణపేట పట్టణంలో కళాకేంద్రం ఏర్పాటు గురించి కళాకారులు, చేనేత కార్మికులు, ఉపాధ్యాయులు కలిసి జరుపుకున్న సమావేశంలో ఒక విశ్రాంత ఇంజినీరు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, అక్కాచెల్లెళ్లకు, ఊర్ల నుంచి శ్రమ తీసుకొని వచ్చిన కళాకారులకు నమస్కారం.

మన పట్టణంలో కళాకేంద్రం కట్టాలన్న మాట మొదలైనప్పటి నుంచి, ఎవరిని కదిలించినా ముందుగా వినిపిస్తున్నది కుర్చీల సంఖ్యే. ఎనిమిది వందలా, వెయ్యా, ఏసీ పెడతారా, బాల్కనీ ఉంటుందా అన్న దగ్గరే చర్చ తిరుగుతున్నది. 1961లో హైదరాబాదులో రవీంద్రభారతి ప్రారంభమైన తర్వాత కళాభవనం అనగానే మన కళ్ల ముందు ఆ రూపమే నిలబడిపోయింది. రాజధాని అవసరానికి అది సరిగ్గానే ఉన్నది. 2019 ఫిబ్రవరిలో జిల్లా కేంద్రమైన మన ఊరికి అదే అంగీని కురచ చేసి తొడుగుదామంటేనే నాకు సందేహం. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఒక్కటే. చిన్న పట్టణంలో కళాకేంద్రం మొదట సాధన చేసుకునే చోటుగా, నేర్పే చోటుగా ఉండాలి. ప్రదర్శన ఆ సాధనలోంచి రావాలి. స్థలం ఎక్కడ, కొలతలు ఎంత, డబ్బు ఎక్కడి నుంచి, తాళంచెవి ఎవరి దగ్గర అన్న ప్రశ్నలన్నింటికీ ఈ నిర్ణయాన్ని బట్టే జవాబులు మారిపోతాయి కాబట్టి, ఆర్కిటెక్టును పిలవడానికి ముందే దీన్ని తేల్చుకోవాలని నా మనవి.

వెయ్యి కుర్చీలు నిండే సందర్భాలు మన దగ్గర సంవత్సరానికి ఎన్ని వస్తాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. జూన్ 2న అవతరణ దినోత్సవం, పాఠశాలల వార్షికోత్సవాలు కొన్ని, ఉగాది కవి సమ్మేళనం, ఎవరైనా పెద్ద మంత్రి వస్తే ఒక సభ. ఉగాది కవి సమ్మేళనానికి వెయ్యి మంది వస్తారని ఆశించేటంత అమాయకులెవరూ ఇక్కడ లేరనుకుంటాను. మిగిలిన రోజులన్నీ ఆ భవనానికి తాళమే. తాళం పడిన హాలులో మొదట గబ్బిలాలు చేరతాయి, తర్వాత ఏదో ఒక శాఖ తన పాత ఫర్నిచరును తెచ్చి పడేస్తుంది, ఆ తర్వాత పునరుద్ధరణ పేరుతో మళ్లీ నిధులు అడగవలసి వస్తుంది. అదే సమయంలో, మన జిల్లాలో వాయించేవాళ్లు, పాడేవాళ్లు, ఆడేవాళ్లు నేర్చుకోవడానికి, నేర్పడానికి కప్పున్న గది ఒక్కటీ దొరక్క తిరుగుతూనే ఉంటారు.

మన దగ్గర ఉన్నవాళ్లు ఎవరో ఒకసారి గుర్తు చేసుకుందాం. దామరగిద్ద నుంచి బుర్రవీణ వాయిస్తూ తత్వాలు పాడిన దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. పక్కనున్న నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి అంతకు రెండేండ్ల ముందు, 2022లో వచ్చింది. ఇద్దరినీ సన్మానించడానికి శాలువాలు తెచ్చినవాళ్లకు లెక్క లేదు. ఆ వాద్యాన్ని ఇంకొకరికి నేర్పడానికి వారానికి మూడు సాయంత్రాలు కూర్చునే చోటు చూపిస్తామని వచ్చినవాళ్లు ఎందరు? వయసు మీరిన తర్వాత వచ్చే పురస్కారం కళాకారుడికి గౌరవమే కానీ, వాద్యానికి అది వారసుణ్ని ఇవ్వదు. పైగా ఈ వాద్యాలు అంగట్లో దొరికేవి కావు. సొరబుర్రలను ఎండబెట్టాలి, వెదురు బొంగును ఎంచుకోవాలి, మెట్లను మైనంతో నిలబెట్టాలి, తీగలు బిగించాలి. వాయించడం నేర్పే గది పక్కనే వాద్యం తయారుచేసే చిన్న కార్ఖానా కూడా లేకపోతే, నేర్చుకున్న పిల్లవాడు ఇంటికి ఖాళీ చేతులతోనే పోతాడు. నేను చూసిన కళాభవనాల ప్లానులలో వీఐపీ గది ఎప్పుడూ ఉంటుంది, కార్ఖానా మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ముందు భవనమా, ముందు మనుషులా అన్న ప్రశ్నకు మన సరిహద్దు అవతలే మంచి జవాబు ఉన్నది. ఈ సభలో కన్నడం ఇంట్లో మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు నీనాసం పేరు కొత్తది కాదు. శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలోని హెగ్గోడు అనే చిన్న ఊరిలో, పోకతోటలు చేసుకునే మనుషులు 1949లో పెట్టుకున్న నాటక సంఘమే అది. దానిని నడిపించిన కె.వి. సుబ్బణ్ణ గారికి 1991లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. మనం గమనించవలసింది అక్కడి తేదీల వరుసను. సంఘం పెట్టింది 1949లో, శివరామ కారంత పేరు మీద రంగమందిరం కట్టుకున్నది 1972లో. నడుమ ఇరవై మూడేండ్ల పాటు వాళ్లు దొరికిన చోట ఆడారు, దొరికిన దీపంతో ఆడారు, తమకు ఎట్లాంటి వేదిక కావాలో ఆడి ఆడి తెలుసుకున్నారు. నాటక శిక్షణ సంస్థ 1980లో, ఊరూరా తిరిగి ఆడే తిరుగాట బృందం 1985లో వచ్చాయి. మనం ఇరవై మూడేండ్లు ఆగాలని నేను అనడం లేదు. కనీసం రెండేండ్లు, ఏదైనా ప్రభుత్వ పాఠశాల ఆవరణలో సెలవు రోజుల్లోనో, వాడకుండా పడివున్న ఏ గోదాములోనో తరగతులు నడిపి, ఎవరు వస్తున్నారు, ఏ వేళకు వస్తున్నారు, ఏమి అడుగుతున్నారు అన్నది కాగితం మీద రాసుకున్న తర్వాత పునాది తీస్తే బాగుంటుందని అంటున్నాను.

ఇక హాలు సంగతి. ఇక్కడ కొంచెం లెక్క చెబుతాను, ఓపిక పట్టండి. కిన్నెర, బుర్రవీణ మెత్తటి గొంతున్న వాద్యాలు. మైకు పెట్టి పెద్ద హాలులో వినిపించవచ్చు కానీ, తీగ మీద వేలు జరిగే చప్పుడు, బుర్రలో తిరిగే గుమ్మనే నాదం మైకులోంచి వచ్చేసరికి పలచబడిపోతాయి. వాటికి రెండు వందల యాభై మంది దగ్గరగా కూర్చునే గది కావాలి. అరవై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల ఎత్తు అనుకుందాం. మన మామూలు పద్ధతిలో సిమెంటు గిలాబు గోడలు, కాంక్రీటు స్లాబు, కింద తాండూరు బండలు వేశామంటే, ఖాళీ గదిలో చప్పట్లు కొడితే ఆ ధ్వని చల్లారడానికి లెక్క ప్రకారం ఎనిమిది, తొమ్మిది సెకన్లు పడుతుంది. మనుషులు నిండితే బట్టలు, శరీరాలు ధ్వనిని పీల్చుకుంటాయి కాబట్టి అది రెండు సెకన్ల లోపుకు దిగుతుంది. మాట స్పష్టంగా వినపడాలంటే ఒక సెకను దగ్గర ఉండాలి. అంటే హాలు నిండిన రోజున కూడా మాటల అంచులు ఒకదాని మీద ఒకటి పడతాయి, పదిమంది పిల్లలతో రిహార్సల్ జరిగే రోజున ఒక్క పద్యమూ అర్థం కాదు. మన ఊర్లలోని ఫంక్షన్ హాళ్లలో మైకు ఎంత పెంచితే అంత గోల పెరగడానికి కారణం ఇదే. అక్కడ తప్పు మైకు సెట్టు అతనిది అనుకొని అతన్ని తిడుతుంటాం.

ఈ లెక్కను మొదట తీసినవాడు హార్వర్డులో పనిచేసిన వాలెస్ సాబిన్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడు. 1890లలో ఒక ఉపన్యాస మందిరంలో మాట వినపడడం లేదంటే, ఆయన రాత్రిళ్లు వేరే నాటకశాల నుంచి కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి, ఎన్ని దిండ్లు పరిస్తే ధ్వని ఎంతసేపట్లో తగ్గుతుందో కొలిచి చూశాడు. మనకు ఆ దిండ్లు అక్కరలేదు. మన పాలమూరు దిక్కున కురుమలు నేసే గొంగడి ఉన్నది. నల్లగొర్రె ఉన్ని, చింతగింజల గంజి, గట్టి నేత. గోడకు నాలుగు వేళ్ల ఎడం ఇచ్చి చెక్క చట్రానికి గొంగళ్లు బిగిస్తే, ధ్వనిని పీల్చుకునే పని చక్కగా చేస్తుంది. గోడకు అంటించి కొట్టేస్తే సగం గుణం పోతుంది, ఆ ఎడం తప్పనిసరి. పురుగు పట్టకుండా ఏడాదికొకసారి దించి ఎండలో వేయవలసి ఉంటుంది. అది పెద్ద పని కాదు, ఇండ్లలో చేసుకునేదే. అట్లాగే తెరలకు మందపాటి నూలు బట్టను మన మగ్గాల మీదనే నేయించి, మడతలు ఎక్కువ వచ్చేట్టు కుట్టించాలి. నారాయణపేట చీర పేరు చెప్పుకునే ఊరిలో కళాకేంద్రపు తెరలు ఇంకెక్కడి నుంచో రెక్సిను బట్టతో వస్తే చూడడానికి బాగుండదు. అందంతో పాటు నేతగాళ్లకు పని దొరుకుతుంది, గదిలో మాట వినపడుతుంది. పైకప్పుకు రేకులు మాత్రం వద్దు. మే నెలలో లోపల కూర్చోలేరు, వానాకాలంలో రేకుల మీద పడే చినుకుల మోతకు హార్మోనియమే వినపడదు.

అయితే మన కళలలో సగం ఈ గదిలో ఇమిడేవి కావు. డప్పును నలుగోడల నడుమ వాయిస్తే చెవులు మూసుకోవలసిందే. ఒగ్గుకథ, చిందు యక్షగానం, కోలాటం, బతుకమ్మ చుట్టూ జనం ఉండి జరిగేవి. ఒక పక్క వేదిక, ఎదురుగా వరుస కుర్చీలు అన్న ఏర్పాటులో అవి బిగుసుకుపోతాయి. అందువల్ల హాలు కన్నా ముందు నేను ఆవరణను గీయమంటాను. ఎనభై అడుగులు పొడవు, ఎనభై అడుగులు వెడల్పు గల మట్టినేల, చుట్టూ మూడు పక్కల రెండు మెట్ల అరుగు, అంచున వేపచెట్లు. దానికి టైల్సు వేయవద్దు. బతుకమ్మ ఆడే ఆడబిడ్డలకైనా, చిందు వేసే కాళ్లకైనా మట్టి కావాలి. ఒక మూలన మంట వేసుకునే చోటు కట్టాలి, ఎందుకంటే వాయించడానికి ముందు డప్పును సెగకు కాచుకుంటేనే తోలు బిగిసి పలుకుతుంది. ఆ చోటు మనం ఇవ్వకపోతే కళాకారులు గోడ పక్కన చెత్తకాగితాలు పోగేసి కాల్చుకుంటారు, మనం గోడ నల్లబడిందని వాళ్ల మీద కోపం చేస్తాం.

ఇక్కడే ఇంకొక మాట సూటిగా చెప్పాలి. డప్పు, చిందు, కిన్నెర, శారదకథ ఏ కులాల చేతుల్లో బతికాయో మనకు తెలుసు, ఆ చేతులను ఎన్ని తరాలు వాకిలి బయట నిలబెట్టామో కూడా తెలుసు. ఆవరణను వెనక్కి పెట్టి, హాలును వీధి ముఖానికి పెట్టి, హాలును శాస్త్రీయ కళలకూ ఆవరణను జానపదానికీ కేటాయించామంటే, పాత ఊరి నక్షానే కొత్త సిమెంటుతో మళ్లీ గీసినట్టవుతుంది. వీధిలోంచి లోపలికి రాగానే ఆవరణే రావాలి. హాలుకు పోవలసినవాళ్లు దాన్ని దాటుకొనే పోవాలి. నేర్పేవాళ్లకు ఇచ్చే గౌరవ వేతనం కూచిపూడి గురువుకైనా, ఒగ్గు పూజారికైనా గంటకు ఒకే రేటు ఉండాలి. కమిటీలో ఈ ఒక్క విషయం మీద గొడవ వస్తుందని నాకు తెలుసు. రానివ్వండి, ఇటుక పెట్టకముందే వస్తే మేలు.

సాధన గదులు మూడు చాలు. ఒకదానికి కింద బండలు కాకుండా, చెక్క దూలాల మీద పలకలు పరిచిన నేల వేయాలి. గట్టి నేల మీద ఏండ్ల తరబడి అడుగులు వేసే పిల్లలకు మోకాళ్లు, మడమలు దెబ్బతింటాయి, పలక కొంచెం లొంగి ఆ దెబ్బను తాను తీసుకుంటుంది. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరు వేషం గదులు, లోపలి నుంచి గడియ పడే తలుపులు, వెలుతురున్న మరుగుదొడ్లు. ఇవి చివరికి మిగిలిన డబ్బుతో కట్టేవి కాకూడదు. అన్నీ కలిపి ఇరవై గుంటల స్థలంలో ఇమిడిపోతాయి.

స్థలం ఎక్కడ అన్నది అసలు పరీక్ష. ఊరి బయట, కొత్త ఆఫీసుల దిక్కున ఎకరాలకు ఎకరాలు ఉచితంగా ఇస్తామంటారు. వద్దని చెప్పే ధైర్యం కావాలి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఊట్కూరు, దామరగిద్ద, మక్తల్ వంటి చోట్ల నుంచి ఆడపిల్లలు సాయంత్రం తరగతికి వచ్చి పోవడానికి ఇంత అనుకూలమైన రోజులు ఇంతకు ముందు లేవు. కానీ బస్టాండు నుంచి కళాకేంద్రానికి ఆటోకు డబ్బులు పెట్టాలన్నా, చీకటి రోడ్డు మీద నడవాలన్నా ఇంట్లో పంపరు. కాబట్టి బస్టాండు నుంచి నడిచిపోయేటంత దగ్గరలో ఇరవై గుంటలు, అదీ కుదరకపోతే పది గుంటలు దొరికినా, ఊరి బయటి రెండెకరాల కన్నా అదే నయం. గ్రంథాలయం పక్కన దొరికితే ఇంకా మంచిది. గ్రంథాలయానికి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు చట్టప్రకారం రావాలి. ఆ పైసలను మనం ముట్టుకోలేము, ముట్టుకోకూడదు కూడా. కానీ కాపలా, మంచినీళ్లు, చదివే గది పంచుకోవచ్చు. మన కళాకారుల పాటల రికార్డులను అక్కడ భద్రపరచి ఎవరైనా వచ్చి వినేట్టు చేయవచ్చు.

డబ్బు దగ్గరికి వద్దాం. కట్టడానికి డబ్బు దొరుకుతుంది. ఠాగూర్ సాంస్కృతిక సముదాయాల పథకం కింద కేంద్ర సాంస్కృతిక శాఖ ఆమోదించిన ఖర్చులో 60 శాతం వరకు ఇచ్చే ఏర్పాటు ఉన్నది, ఎమ్మెల్యే, ఎంపీ నిధులు ఉన్నాయి, దాతలు ఉన్నారు. శిలాఫలకం మీద పేరు పడుతుందంటే సిమెంటుకు ఇచ్చే చేతులు చాలా లేస్తాయి. కరెంటు బిల్లుకు, ఊడ్చే మనిషి జీతానికి శిలాఫలకం ఉండదు కదా. అందుకని వచ్చిన ప్రతి రూపాయిలో పావలా పక్కకు తీసి బ్యాంకులో వేసి, దాని వడ్డీతో ఒక కాపలాదారును, పొద్దంతా అక్కడే ఉండి తరగతులు, గదులు, లెక్కలు చూసుకునే ఒక నిర్వాహకురాలిని పెట్టుకోవాలని నా సూచన. ఆ పావలా తీస్తే భవనం చిన్నదవుతుందంటే, చిన్నదే కట్టుకుందాం.

ఆదాయం కోసం పెండ్లిళ్లకు ఇద్దామన్న ఆలోచన తప్పకుండా వస్తుంది. మెల్లగా వస్తుంది, మొదటి ఏడాది కరెంటు బిల్లు చూడగానే వస్తుంది. దయచేసి పంచాంగం తీసి చూడండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణంలో మంచి ముహూర్తాలన్నీ పెండ్లివాళ్లవి. మూఢాలు, శూన్యమాసాలు కళాకారులవి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు శిక్షణ పెట్టుకోవలసిన రోజుల్లోనే హాలులో వంటపాత్రలు ఉంటాయి, చెక్కనేల మీద సాంబారు పడుతుంది, గోడల గొంగళ్లకు తాళింపు వాసన పడుతుంది. మీటరు కూడా వ్యాపార కేటగిరీలోకి మారి, వచ్చిన అద్దెలో కొంత అటే పోతుంది. సంఘాన్ని రిజిస్టరు చేసేటప్పుడే నియమావళిలో పెండ్లిళ్లు, విందులు లేవని రాసుకోవాలి. తర్వాత తీర్మానం చేసుకుందామంటే, ఏ పెద్దమనిషి బిడ్డ పెండ్లికో మొదటి మినహాయింపు ఇస్తాం, రెండో దానికి కాదనలేము. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం పెట్టడానికి ఏడుగురు చాలు. ఆ కార్యవర్గంలో సగానికి మించి వాయించేవాళ్లు, ఆడేవాళ్లు, నేసేవాళ్లు ఉండాలి. నావంటి రిటైరైనవాళ్లు ఇద్దరికి మించితే సమావేశాలు పొడుగవుతాయి, పని జరగదు.

చివరగా వేళల గురించి. ఐదు గంటలకు తరగతి అంటే ఉద్యోగుల పిల్లలే వస్తారు. మగ్గం మీద కూర్చున్న మనిషి వెలుతురు ఉన్నంతసేపు లేవడు, అతనికి ఏడు తర్వాతే వీలు. ఊర్ల నుంచి వచ్చేవాళ్లకు ఆఖరి బస్సు లోపల ముగియాలి. ఈ రెండింటికీ ఒకే వేళ కుదరదు కాబట్టి, ఊర్లవాళ్లకు ఆదివారం పగలు, పట్టణంవాళ్లకు వారంలో రాత్రిళ్లు అని విడదీయవలసి వస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు వలసలది. కోస్గి, మద్దూరు, దామరగిద్ద దిక్కున ఊర్లలో చాలా ఇండ్లు దసరా పండుగ చూసుకొని ముంబై, పుణె పనులకు పోతాయి. పాడే గొంతులు, వాయించే చేతులు చాలా వరకు ఆ ఇండ్లలోనే ఉన్నాయి. జనవరిలో వెళ్లి సర్వే చేస్తే మనకు తాళాలు, ముసలివాళ్లు మాత్రమే కనిపిస్తారు, ఆ ఊర్లో కళాకారులు లేరని రాసుకొని వస్తాం. అందువల్ల ఎవరు ఏ కళ తెలిసినవాళ్లు, ఏ నెలల్లో ఊర్లో ఉంటారు, నేర్పడానికి ఒప్పుకుంటారా, వాద్యం సొంతంగా ఉన్నదా అన్న నాలుగు ప్రశ్నల ఫారాన్ని తయారుచేసి తెచ్చాను. దసరా లోపల ముందు వలస ఊర్లలో తిరగాలి, పట్టణంలోని వార్డులకు ఆ తర్వాత వచ్చినా నష్టం లేదు. ఫారాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. ఏ ఊరికి ఎవరు పోతారో ఈ రోజు లేచే ముందే పేర్లు రాసుకుందాం.